మొక్కకు వెలుగు

బెంగళూరు నగరానికి తూర్పున మహదేవపుర ఉంది. ఒకప్పుడు ఇక్కడ చిన్న ఊళ్లు, చెరువులు, రాగి చేలు ఉండేవి. 2007లో ఈ ప్రాంతం బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. వైట్‌ఫీల్డు చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు కంపెనీలు పెరిగాయి. వాటితోపాటు ఎత్తయిన అపార్ట్‌మెంట్లు లేచాయి. అనంతపురం, చిత్తూరు, కడప వంటి చోట్ల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

సొంత ఊరిలో తులసికోట వాకిట్లో ఉంటుంది. అపార్ట్‌మెంటులో తులసి కుండీలోకి మారి, బాల్కనీ మూలకో వంటింటి కిటికీ గట్టు మీదికో చేరుతుంది. ఎదుటి భవనం నీడ పడితే దానికి ఎండ తగలదు. కొన్ని వారాలకే కాడలు సన్నగా సాగుతాయి. ఆకుకూ ఆకుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆకులు పాలిపోతాయి. మొక్క కిటికీ వైపు వంగుతుంది. నీళ్లు చాలలేదేమోనని ఇంట్లోవాళ్లు మరో చెంబెడు నీళ్లు పోస్తారు. దానితో వేళ్లు కుళ్లుతాయి. నిజానికి ఆ మొక్కకు దాహం వేయలేదు, ఆకలి వేసింది.

మొక్క తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది. వేళ్లు పీల్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును వెలుగు సాయంతో పిండిపదార్థంగా మారుస్తుంది. దీనినే కిరణజన్య సంయోగక్రియ అంటారు. మొక్క ఆకుపచ్చని భాగాలు వెలుగులో ఉన్నప్పుడు మాత్రమే ప్రాణవాయువును వదులుతాయని ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు 1779లో తెలియజేశాడు. వెలుగు లేకపోతే ఎంత ఎరువు వేసినా మొక్కకు ఆహారం దొరకదు.

తెల్లని వెలుగులో అనేక రంగులు కలిసి ఉంటాయి. ఆకులోని పత్రహరితం వాటిలో ఎరుపు, నీలం రంగులను ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చ వెలుగులో కొంత భాగం ఆకు నుంచి వెనక్కి వస్తుంది. ఆకు పచ్చగా కనిపించడానికి కారణం ఇదే. నీలపు వెలుగు మొక్కను పొట్టిగా, గుబురుగా ఉంచుతుంది. ఎరుపు వెలుగు పెరుగుదలకు, పూతకు తోడ్పడుతుంది.

వెలుతురును లక్స్ అనే ప్రమాణంతో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. రాత్రి దీపం వేసిన గదిలో 100 నుంచి 300 లక్స్ ఉంటే చదువుకోవచ్చు. వెలుగు తగ్గగానే కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి మనిషికి ఈ తేడా అంతగా తెలియదు. ఆకుకు మాత్రం తెలుస్తుంది.

ఎండ చాలని ఇంట్లో మొక్కకు దీపం అవసరమవుతుంది. బజారులో దొరికే దీపాలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఫిలమెంటు బల్బు. ఇందులో సన్నని టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగునిస్తుంది. ఇది తీసుకునే విద్యుత్తులో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే వెలుగవుతుంది. మిగిలినది దాదాపు అంతా వేడిగా పోతుంది. దగ్గర పెడితే ఆకు మాడుతుంది, దూరం పెడితే వెలుగు చాలదు.

రెండవది ట్యూబ్‌లైటు. దీని గొట్టంలో కొద్దిగా పాదరసపు ఆవిరి ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను వెదజల్లుతుంది. గొట్టం లోపల పూసిన పొడి ఆ కిరణాలను తెల్లని వెలుగుగా మారుస్తుంది. ఈ దీపం అంతగా వేడెక్కదు. మొక్కకు జానెడు ఎత్తులో కట్టినా ఆకు మాడదు. అందుకే నారు పెంచేవారు, మొక్కల కణజాల ప్రయోగశాలలవారు ఎన్నో ఏళ్లు దీనినే వాడారు. అయితే వాడే కొద్దీ దీని వెలుగు తగ్గుతుంది.

మూడవది ఎల్.ఇ.డి. దీపం. ఇందులో తీగా లేదు, పాదరసమూ లేదు. చిన్న అర్ధవాహకపు ముక్క నుంచి వెలుగు వస్తుంది. ఎరుపు ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చింది. ప్రకాశవంతమైన నీలపు ఎల్.ఇ.డి. 1990లలో గాని సాధ్యం కాలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలం దొరికిన తరువాతే తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు ఇంటింటికీ వచ్చాయి.

ఈ దీపాల కింద పంట పండుతుందా అనే సందేహానికి అంతరిక్షంలోనే సమాధానం దొరికింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎల్.ఇ.డి. వెలుగులో పెరిగిన లెట్యూస్ ఆకుకూరను వ్యోమగాములు 2015 ఆగస్టులో తిన్నారు. భారతదేశం కూడా ఈ దారిలో అడుగు వేసింది. బెంగళూరు ప్రధాన కేంద్రంగా గల ఇస్రో సంస్థ 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పంపిన రాకెట్టులో 8 అలసంద గింజలు ఉన్నాయి. నాలుగు రోజుల్లో అవి మొలకెత్తాయి. తరువాత ఆకులు కూడా విచ్చుకున్నాయి.

ఇక ఖర్చు చూద్దాం. వాట్లను గంటలతో హెచ్చించి 1000 చేత భాగిస్తే యూనిట్లు వస్తాయి. దీపం రోజుకు 14 గంటల చొప్పున 30 రోజులు వెలిగిందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

60 వాట్ల ఫిలమెంటు బల్బు : 25.2 యూనిట్లు.
36 వాట్ల ట్యూబ్‌లైటు, దాని పాత రకం చోక్‌కు 12 వాట్లు : 20.16 యూనిట్లు.
20 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ : 8.4 యూనిట్లు.

ట్యూబ్‌లైటు వెలుగు చుట్టూ పరచుకుంటుంది. పైకి పోయిన వెలుగు మొక్కకు దక్కదు. ఎల్.ఇ.డి. పట్టీ వెలుగు ముందువైపుకే పడుతుంది. అందువల్ల తక్కువ వాట్లతోనే ఆకుకు ఇంచుమించు అంత వెలుగు అందుతుంది. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపాలే కొనాలన్న నియమం లేదు. తెల్లని ఎల్.ఇ.డి.లో ఎరుపు, నీలం రెండూ ఉంటాయి. పైగా ఆ వెలుగులో ఆకు పసుపుబారినా పురుగు పట్టినా వెంటనే కనిపిస్తుంది.

ఇంట్లో మంచి ట్యూబ్‌లైటు ఉంటే దానిని పారవేయనక్కరలేదు. అది పాడయ్యేదాకా వాడుకోవచ్చు. కాని కొత్తగా కొనవలసినప్పుడు పాదరసం సంగతి మరచిపోరాదు. జపానులోని మినమాటా పట్టణంలో పాదరసం కలిసిన చేపలు తిని వేలమంది జబ్బుపడ్డారు. ఆ ఊరి పేరుతో ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందపు సభ్యదేశాలు 2023లో సమావేశమై, ట్యూబ్‌లైట్ల తయారీని 2027 చివరికల్లా నిలిపివేయాలని నిర్ణయించాయి. ట్యూబ్‌లైటు పగిలితే కిటికీలు తెరవాలి. పెంకులను చేతితో తాకకుండా అట్టముక్కతో ఎత్తి, మూటకట్టి, చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి.

దీపం ఏదైనా, దానిని పెట్టే దూరం ముఖ్యం. బల్బు నుంచి దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పైకప్పున ఉన్న దీపం గదికి చాలుతుంది గాని కుండీకి చాలదు. దీపాన్ని కుండీకి జానెడు ఎత్తున కట్టి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపాలి. రోజుకు 12 నుంచి 16 గంటలు వెలిగిస్తే చాలు. మొక్కకు చీకటి కూడా కావాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపడం మరువరాదు.

కొత్తిమీర, మెంతికూర, పుదీనా, తులసి ఇటువంటి దీపం కింద చక్కగా పెరుగుతాయి. మనీప్లాంటుకు కిటికీ వెలుతురే సరిపోతుంది. మిరప, టమాటా నారు పోసుకోవడానికి దీపం పనికివస్తుంది. కాయ కాయాలంటే వాటికి ఎండే కావాలి.

ఏ దీపమూ కొనకముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఇంట్లో ఎండ ఎక్కడ పడుతున్నదో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడాలి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ నడినెత్తికి దక్షిణంగా ఉంటాడు. కాబట్టి చలికాలంలో దక్షిణపు బాల్కనీకి ఎండ బాగా వస్తుంది, ఉత్తరపు బాల్కనీకి రాదు. కుండీని నాలుగడుగులు జరిపితే తీరే కొరతకు దీపం ఎందుకు? అలా తీరనప్పుడు జానెడు ఎత్తున వెలిగే చిన్న దీపం చాలు. ఊరి నుంచి తెచ్చుకున్న తులసి ఎన్నో అంతస్తులో ఉన్నా మళ్లీ చిగురు వేస్తుంది.

అభ్యాసం

అ) ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి.
1. ఎండ తగలని మొక్క కిటికీ వైపు ఎందుకు వంగుతుంది?
2. పత్రహరితం ఏ రంగులను ఎక్కువగా పీల్చుకుంటుంది?

ఆ) ఐదారు వాక్యాలలో రాయండి.
1. ట్యూబ్‌లైటుకూ ఎల్.ఇ.డి. దీపానికీ గల తేడాలు ఏమిటి?
2. “ఆ మొక్కకు దాహం వేయలేదు, ఆకలి వేసింది.” ఈ మాటను వివరించండి.

ఇ) చేసి చూడండి.
ఒకే రోజున రెండు కుండీలలో మెంతులు చల్లండి. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి గది మూలన ఉంచండి. పది రోజుల తరువాత కాడల పొడవు, ఆకుల రంగు పోల్చి రాయండి.