కాఫీలయ్యాయా?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పెళ్లిళ్లలో ఆడపెళ్లివారికి మొదటి పరీక్ష విడిదింట్లో కాఫీ దగ్గరే ఎదురవుతుంది. తెల్లవారుజామున అయిదింటికల్లా మగపెళ్లివారికి వేడివేడి కాఫీ అందాలి. ఆరయితే పెద్దమ్మలూ పిన్నమ్మలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆరున్నరయితే పెళ్లికొడుకు మేనమామ అరుగు మీదికొచ్చి, ఎవరితోనూ అననట్టే అందరికీ వినబడేలా ఒక మాట విసురుతాడు. పప్పులో ఉప్పెక్కువైనా సర్దుకుపోయే మనుషులు చల్లారిన కాఫీని మాత్రం ఏళ్ల తరబడి మరిచిపోరు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడిందా, పురోహితుడికి, సన్నాయి మేళానికి, కునికిపాట్లు పడుతున్న చుట్టాలకి మరో విడత కాచాల్సిందే. అనుభవమున్న వంటవాళ్లు అందుకే కాఫీకి వేరే పొయ్యి, వేరే మనిషిని పెడతారు.

పెళ్లి లేని రోజుల్లో కూడా ఈ లెక్క పెద్దగా మారదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా, కరెంటు బిల్లు తీసేవాడైనా, కబురు చెప్పడానికొచ్చిన పాలికాపైనా, "రండి బావూ, కాపీ తాగి ఎల్దురు గాని" అన్న మాట పడాలి. వద్దంటే ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుంది. ఒకసారి వద్దని రెండోసారికి ఒప్పుకోవడం పద్ధతి. ఫోన్లో దూరాన ఉన్న కూతురుతో మాట మొదలయ్యేది కూడా "కాఫీలయ్యాయా?" అనే. ఈ మర్యాద అంతా తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించే ఆడవాళ్ల నిద్ర ఖర్చు మీద నడుస్తోందని కూడా చెప్పుకోవాలి. మగవాళ్లు కాఫీ కలిపే ఇళ్లు ఈమధ్య కనబడుతున్నాయి గానీ, ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

వీధిలో మాత్రం టీదే రాజ్యం. ఆర్టీసీ కాంప్లెక్సుల ముందు, రైల్వే గేట్ల దగ్గర, పలాస జీడిపప్పు బట్టీల పక్కన మరిగేది టీయే. కాఫీ ఇంటి సరుకు. బయట దొరికితే టిఫిను హోటల్లో, ఇడ్లీ తిన్నాక.

ఇంతగా ఇంటి మనిషైపోయిన ఈ పానీయానికి ఇక్కడ ఉన్న చరిత్ర చాలా చిన్నది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ప్రతీతి. పెద్ద తోటలు వేసింది పందొమ్మిదో శతాబ్దపు తెల్లదొరలు. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్నం ఇళ్లకి కాఫీ పాకింది ఆ శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ. అప్పుడు ఈ రెండు జిల్లాల నేల కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. పొద్దున్నే తరవాణి, చద్దన్నం, చోడి అంబలి పడిన కడుపుల్లోకి ఈ కొత్త నీళ్లు రావడం పెద్దలకు నచ్చలేదు. తమిళనాట ఈ గొడవంతా చరిత్రకారుడు ఎ.ఆర్. వేంకటాచలపతి 'ఇన్ దోజ్ డేస్ దేర్ వాజ్ నో కాఫీ' అనే పుస్తకంలో రాశారు. కాఫీ ఒక హోదా గుర్తుగా ఎలా మారిందో, కాఫీ హోటళ్లలో కులాన్ని బట్టి కూర్చునే చోట్లు ఎలా వేరు చేశారో అందులో ఉంది. తెలుగు ఊళ్లలోనూ బ్రాహ్మణ కాఫీ హోటలు అని బోర్డులు కట్టిన కాలం ఒకటి నడిచింది. అంటే అందరికీ మర్యాదగా అందే కప్పు మొదట్లో కొందరికే అందిన కప్పు.

దాన్ని వాకిళ్లు దాటించి పల్లెకి తెచ్చిన ఘనత ఇన్‌స్టంట్ పొడికి ఇవ్వాలి. ఫిల్టరు ఉన్నవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, బ్రూ లాంటి పొడులు చిన్న ప్యాకెట్లలో కిరాణా కొట్టుకి రాబట్టే కాఫీ కూలి ఇంటి పొయ్యెక్కింది. పాలు కాగితే చాలు. ఫిల్టరు కొననక్కర్లేదు, డికాక్షన్ దిగేదాకా కాచుకోనక్కర్లేదు.

ఈ కథలో విచిత్రమైన మలుపు భూగోళంలో ఉంది. విజయనగరం జిల్లా శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే అనంతగిరి దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి అటూ ఇటూ కాఫీ తోటలే. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు లైను కూడా శృంగవరపుకోట మీదుగానే కొండెక్కుతుంది. ఇనప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ దారిలోనే ఇప్పుడు అద్దాల బోగీల్లో పర్యాటకులు అరకు పోతున్నారు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు ఓటర్లు ఎంపీని ఎన్నుకునేది అరకు నియోజకవర్గం నుంచే. ఇంత దగ్గరున్నా, దశాబ్దాల పాటు కింది ఊళ్ల గ్లాసుల్లో పడింది ఎక్కడో కర్ణాటకలో పండిన కాఫీ. దానిలో కలిసే చికోరీ అనే వేరు పొడి గుజరాత్, ఉత్తరప్రదేశ్ పొలాలది. దేశంలో పండే కాఫీలో డెబ్బై శాతం దాకా కర్ణాటకదే కాబట్టి దీన్ని తప్పు పట్టలేం.

తూర్పు కనుమల్లోకి కాఫీ వచ్చింది 1898లో. బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో నాటించాడని చెబుతారు. ఆ తర్వాత చాలాకాలం అది పెద్దగా కదల్లేదు. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. మరోపక్క 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, ఆ తర్వాత పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిజన రైతుల సొంత భూముల్లో కాఫీ పెట్టించాయి. చెట్లు నరికి కాల్చే పోడు వ్యవసాయం తగ్గించడం అసలు ఉద్దేశం. కాఫీకి నీడ కావాలి కనుక చెట్టుని బతకనివ్వాలి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ ఓక్ మానుకే పాకించిన మిరియాల తీగ, ఒకే మడిలో రెండు పంటలు. ఇవాళ అరకు, పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా ఈ తోటలున్నాయి.

మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి వాన పడితే పది రోజుల్లోపే తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. మల్లెలకి దగ్గరి వాసన. మూడు నాలుగు రోజుల్లో పువ్వు రాలిపోతుంది. కాయ పండడానికి మాత్రం నవంబరు దాకా ఆగాలి. ఒకే కొమ్మకి పచ్చికాయా, ఎర్ర పండూ కలిసి ఉంటాయి, అందుకే పండింది చూసి చేత్తో ఏరాలి, మళ్లీ మళ్లీ తిరగాలి. ఏరిన పండు ఆ రోజే పల్పర్లో పడాలి. పైతోలు పోయాక గింజ మీది జిగురు పులియబెట్టి కడిగి, వారం పది రోజులు ఎండలో తిరగేస్తారు. అయిదారు కిలోల పండ్లు కోస్తే వేయించడానికి సిద్ధమయ్యే గింజ ఒక్క కిలో. వేయిస్తే అదీ కాస్త తరుగుతుంది. కప్పు ఖరీదు ఎక్కువని సణిగేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పేరు రావడం మాత్రం ఇటీవలి సంగతి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో గిరిజన రైతుల సహకార సంఘం పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో 'అరకు' పేరిట సొంత దుకాణం తెరిచారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సముద్ర మట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, విశాఖ కొండల్లోనూ పక్కనున్న ఒడిశా కొండల్లోనూ పండేది ఆ పేరు కిందికొస్తుంది. 2025లో పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాల్ పెట్టారు. అదే ఏడాది ఆ తోటల్లో తొలిసారి కాయతొలిచే పురుగు బయటపడింది. సోకిన చోట పండ్లు కోసి నాశనం చేయాల్సి వచ్చింది.

ఇక కప్పు దగ్గరికొద్దాం. ఫిల్టరంటే ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు, పైదాని అడుగున సన్న బెజ్జాలు. పొడి వేసి, గొడుగులాంటి బిళ్లతో మెల్లగా నొక్కి, మరిగి ఒక్క క్షణం ఆగిన నీళ్లు పోయాలి. గట్టిగా నొక్కితే దిగదు, వదులుగా వదిలేస్తే నీళ్లలా దిగుతుంది. చికోరీ కలిపేది ఇక్కడ పనికొస్తుందనే. ఆ వేరు పొడి నీటిని పట్టి ఉంచి డికాక్షన్‌ని నెమ్మదిగా, చిక్కగా దింపుతుంది. రంగు పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. కానీ అందులో కెఫీన్ ఉండదు, కాఫీ వాసనా ఉండదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం మిశ్రమంలో చికోరీ 49 శాతం దాటకూడదు, ఎంతుందో ప్యాకెట్టు మీద అచ్చు వేయాలి. ఆ అంకె చూసి కొనేవాళ్లు తక్కువ. గేదె పాలు వాడే ఇళ్లలో కప్పు చిక్కగా కనబడడానికి సగం కారణం పాలే, పొడి కాదు. డికాక్షన్ పొయ్యి మీద మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది, పాలే పొంగించి దానిలో పోసుకోవాలి.

ఎన్ని కప్పులు? భారత వైద్య పరిశోధన మండలి అనుబంధంగా హైదరాబాదులో పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దన్నది ఇంకో సలహా, ఎందుకంటే వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. టిఫిను తిన్న చేత్తోనే గ్లాసందుకునే ఈ జిల్లాల అలవాటుకి ఇది కాస్త కష్టమైన మాటే. కానీ రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, గర్భిణులు వినితీరాల్సిన మాట.

అరకు కాఫీ పొడి ఇప్పుడు జీసీసీ దుకాణాల్లో దొరుకుతోంది. చికోరీ మిశ్రమానికి అలవాటు పడ్డ ఇంట్లో చికోరీ లేని పొడి మొదటిరోజు పల్చగా దిగుతుంది, అత్తగారు మొహం చిట్లిస్తారు. మామూలు కన్నా ఒక చెంచా ఎక్కువ వేసి, నీళ్లు కొంచెం తగ్గించి, రాత్రి పడుకునేముందు ఫిల్టరు వేసి ఉంచితే ఆ తగాదా రాదు. పొడి అరకిలో కాకుండా వంద గ్రాములే తెచ్చుకోవడం మేలు. మూత బిగించి, ఫ్రిజ్‌లో కాకుండా పొయ్యికి దూరంగా బీరువాలో పెట్టుకుంటే పదిరోజులూ వాసన నిలుస్తుంది.