ఎండ మన మేడది, లెక్క ఎవరిది?

మిట్టమధ్యాహ్నం. మేడమీది సౌరఫలకాలు నిండుగా పనిచేస్తున్నాయి. మెట్ల కింద గోడకు బిగించిన ఇన్వర్టర్ సన్నగా రొదచేస్తూ, ఫలకాల నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇంటి దీపాలకు పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మారుస్తున్నది. అంతలో వీధిలో ఎక్కడో కేబుల్ తెగి ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఎండ తగ్గలేదు, ఇన్వర్టర్ ఆగలేదు. అయినా గృహస్థు చేతిలోని ఫోను, పది అడుగుల దూరంలో ఉన్న ఆ యంత్రం గురించి తనకేమీ తెలియదంటుంది!

ఈ వింతకు మూలం ఇన్వర్టర్ అడుగున తగిలించిన వైఫై డాంగిల్. అది ఇన్వర్టర్ నుండి అంకెలు సేకరించి, సాధారణంగా ఐదు నిమిషాలకొకసారి, తయారీదారు సర్వరుకు చేరవేస్తుంది. ఆ సర్వరు తరచు పరదేశంలో ఉంటుంది. మన మేడమీది ఎండ లెక్క సముద్రాలు దాటివెళ్లి, తిరిగివచ్చి, మన ఫోనులో ప్రత్యక్షమవుతుంది. సంస్థ రేపు ఆ సేవకు రుసుము విధించినా, సర్వరునే మూసివేసినా గృహస్థు చేయగలిగినది స్వల్పం.

యూరప్‌లోను, ఆస్ట్రేలియాలోను ఇళ్లపై సౌరవిద్యుత్తు విస్తరించిన కొద్దీ కొందరు ఔత్సాహికులకు ఈ ఏర్పాటు రుచించలేదు. అంకెలు పుట్టేది తమ ఇంట్లోనే అయినప్పుడు వాటిని ఇంట్లోనే ఎందుకు చదువుకోరాదు? తయారీదారులు డాంగిల్ భాషకు నిఘంటువు ఇవ్వలేదు. కనుక వారు చెవియొగ్గి విని నేర్చుకొన్నారు.

నిజానికి డాంగిల్ ఒక దుబాసీ. ఇటు ఇన్వర్టర్‌తో అది మాట్లాడే భాష చాలా పాతది. 1979లో మోడికాన్ సంస్థ కర్మాగారాల యంత్రాల కోసం రూపొందించిన మోడ్‌బస్ అది. దాని పద్ధతి గుమాస్తా చిట్టా వంటిది. ఇన్వర్టర్ లోపల అంకెవేసిన గళ్లు ఉంటాయి, వాటిని రిజిస్టర్లంటారు. ఫలానా గడి నుండి ఇన్ని గళ్లు చదివి చెప్పమని డాంగిల్ అడిగితే ఇన్వర్టర్ జవాబిస్తుంది. చిక్కల్లా ఏ గడిలో ఏముందో తెలియకపోవడమే.

ఆ రహస్యం ఛేదించిన తీరు ముచ్చటైనది. వైర్‌షార్క్ వంటి ఉచిత సాధనంతో డాంగిల్ నుండి రౌటర్ గుండా వెళ్లే సమాచారాన్ని పట్టి, అదే క్షణంలో ఇన్వర్టర్ తెరపై కనిపించే అంకెలతో పోల్చుతారు. తెర మీద 241.3 వోల్టులని ఉన్నదనుకొందాం. దశాంశ బిందువు తీసివేస్తే 2413. కంప్యూటర్ వాడే పదహారు అంకెల లెక్కలో అది 09 6డి అవుతుంది. పట్టిన సమాచారంలో ఆ జంట ఎక్కడ ఉన్నదో వెదకాలి. కొంతసేపటికి వోల్టేజీ మారినప్పుడు అదే చోటి అంకె కూడా మారితే, ఒక గడి పేరు తెలిసినట్లే. అన్ని గళ్లూ ఇంత సులభంగా లొంగవు. కొన్ని ఇన్వర్టర్లు ఉష్ణోగ్రతకు వెయ్యి కలిపి రాసుకొంటాయి. 1412 అంటే 41.2 డిగ్రీలు. బ్యాటరీ నిండుతున్నదా, ఖాళీ అవుతున్నదా అన్నది ధన, ఋణ సంఖ్యల భేదం. అది పట్టుకొనేందుకు పగలూ రాత్రీ కాపలా కాయవలసిందే.

గ్రోవాట్ డాంగిళ్ల సమాచారం మొదటిచూపుకు అర్థం లేని అక్షరాల గుంపు. కాని సున్నాలు ఉండవలసిన చోట్ల ఒకే ఆంగ్లపదం వెంటవెంట తొంగిచూస్తుంది. అది ఆ సంస్థ పేరే! ప్రతి బైటునూ ఆ పేరులోని అక్షరాలతో వరుసగా ముడివేసి పంపుతున్నారు. సున్నాను అలా ముడివేస్తే ఆ అక్షరమే మిగులుతుంది. ఇంటికి తాళం వేసి చెవిని గడపమీద ఉంచినట్లున్నదీ రహస్యం.

సోలార్‌మన్ డాంగిళ్ల కథ వేరు. అవి ఇంటి నెట్‌వర్క్‌లోనే 8899 సంఖ్య గల పోర్టును తెరచి ఉంచుతాయి. ఏ5తో మొదలై 15తో ముగిసే కవరులో, డాంగిల్ క్రమసంఖ్య చేర్చి, మోడ్‌బస్ ప్రశ్న పంపితే చాలు, ఇంటర్నెట్ లేకున్నా సమాధానం వస్తుంది. గ్రోవాట్ వారి కొన్ని డాంగిళ్లలో ఉన్నది ఈఎస్‌పీ8266 అనే చవక చిప్పు. దానిలోని ప్రోగ్రాము తీసివేసి సొంత ప్రోగ్రాము ఎక్కించినవారూ ఉన్నారు. అంత సాహసం వద్దనుకొన్నవారు సర్వరుకూ డాంగిల్‌కూ నడుమ చిన్న కంప్యూటరును మధ్యవర్తిగా నిలిపి, ఒక నకలు తమ వద్ద ఉంచుకొంటారు.

ఇదంతా కేవలం వినోదం కాదు. 2024 ఆగస్టులో రుమేనియాకు చెందిన బిట్‌డిఫెండర్ సంస్థ, లక్షలాది ఇన్వర్టర్లను కలిపే సర్వరు వ్యవస్థలలో పరాయివారు ఖాతాలు స్వాధీనం చేసుకొనగల లోపాలను బయటపెట్టింది. తరువాత వాటిని సరిదిద్దారు. అదే ఏడు నవంబరులో, అమెరికాలో కొందరి ఇళ్లలోని ఇన్వర్టర్లు, ఈ ప్రాంతంలో వాడేందుకు అనుమతి లేదన్న సందేశం తెరపై చూపి పనిచేయడం మానివేశాయని వార్తలు వచ్చాయి. చదవగల దారిలోనే ఆజ్ఞలు కూడా నడుస్తాయి మరి.

అయితే ఔత్సాహికుల మార్గం నిరపాయకరమని అనలేము. 8899 పోర్టుకు సంకేతపదం లేదు. ఇంటి వైఫైలో చేరిన అతిథి సైతం ఆ గళ్లు చదవవచ్చు, రాయవచ్చు. చదవడం వరకు భయం లేదు. రాయడం వేరు. గ్రిడ్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తన ప్రవాహాన్ని ఆపివేయాలి; స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం దానిపై ఆధారపడి ఉంటుంది. ఆ రక్షణకు సంబంధించిన అమరికలు కూడా ఆ రిజిస్టర్ల నడుమనే ఉంటాయి. అనుభవజ్ఞులు అందుకే తమ ప్రోగ్రాములను చదివే ప్రశ్నలకే పరిమితం చేస్తారు. ఇన్వర్టర్ మూత విప్పే జోలికి పోరు. ఫలకాల తీగలలో వందల వోల్టులు ఉండవచ్చు.

నెట్‌కు కలిసే పరికరాల సమాచారాన్ని వాడకందారుకు అందించవలసిందేనన్న యూరోపియన్ యూనియన్ చట్టం 2025 సెప్టెంబరు 12న అమలులోకి వచ్చింది. మన దేశంలో కోటి ఇళ్లకు సౌరఫలకాలు అమర్చే లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మొదలైంది. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తారు. అమర్చేవారు వచ్చిన రోజున ఫలకాల ధర, హామీ కాలం అందరూ అడుగుతారు. ఇంటర్నెట్ లేనప్పుడు ఈ డాంగిల్ ఇంట్లోవారికి జవాబిస్తుందా అన్న ప్రశ్న కూడా అప్పుడే అడగవచ్చు.