బరువు తగ్గడానికి డబ్బు కట్టాలా?

"మూడు నెలల్లో పది కిలోలు తగ్గండి" అనే ప్రకటనలు ఈ రోజుల్లో పేపరులోనూ, సెల్‌ఫోన్‌లోనూ తరచూ కనిపిస్తున్నాయి. వేలకు వేలు కట్టి అలాంటి ప్యాకేజీలో చేరాలా, లేక ఫోన్‌లో ఉచితంగా దొరికే కేలరీల లెక్క సరిపోతుందా అని చాలామందికి సందేహం.

ఏ ప్యాకేజీ అయినా చివరకు చేసేది ఒక్కటే. శరీరం ఖర్చు చేసే శక్తి కంటే కాస్త తక్కువ తినేలా చూడటం. 2005లో అమెరికాలో 160 మందికి నాలుగు పేరున్న డైట్లు ఇచ్చి ఏడాది పాటు గమనించారు. ఏ డైట్ అన్నదాని కంటే, దాన్ని ఎంత పట్టుదలగా పాటించారన్నదే ముఖ్యమని తేలింది. 2008లో వెలువడిన మరో పరిశోధనలో దాదాపు 1,700 మంది పాల్గొన్నారు. వారిలో తిన్నది రోజూ రాసుకున్నవారు, రాయనివారికి దాదాపు రెట్టింపు బరువు తగ్గారు.

రాస్తే ఏం తెలుస్తుంది?

టీలో రెండు చెంచాల పంచదారకు 40 కేలరీలు. రోజుకు నాలుగు టీలైతే పాలు కాకుండానే 160. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్ల నూనె వాడితే, ఒక్కొక్కరికి రోజుకు సుమారు 270 కేలరీలు నూనె నుంచే వస్తాయి. రాసేదాకా ఇవి మన లెక్కలోకి రావు.

ఉచిత యాప్‌లలో ఒక లోపం ఉంది. విదేశీ యాప్‌లలో మన పెసరట్టు, గోంగూర పప్పు సరిగా దొరకవు. మన ఇంటి గరిటె కొలత వాటికి తెలియదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. మన తిండికి ఇలాంటి లెక్కలే నమ్మదగినవి. ఫోన్ అలవాటు లేనివారికి నోటుపుస్తకం చాలు.

డబ్బు కట్టడం ఎప్పుడు మంచిది?

ఒంటరిగా మానేసేవారికి, వారం వారం పలకరించి బరువు చూసే మనిషి ఉంటే మేలే. అయితే కట్టే ముందు ఇవి అడగండి: చార్టు రాసేది అర్హత ఉన్న డైటీషియనేనా? వారి పౌడర్లు కొనక తప్పదా? ఇంట్లో వండుకున్నదే తినవచ్చా? మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇస్తారా? పది కిలోలు గ్యారంటీ అంటే మాత్రం నమ్మకండి.

వీరు తప్పక జాగ్రత్తపడాలి

షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే రక్తంలో షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా డాక్టరుగారిని అడగకుండా ఏ డైట్ మొదలుపెట్టకూడదు.

ముందు రెండు వారాలు తిన్నదంతా దాచకుండా రాయండి. ఈసారి ఒ.పి.కి వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురండి. డబ్బు కట్టాలో వద్దో చాలావరకు అదే చెబుతుంది.