స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో పార్కిన్సన్స్ తగ్గుతుందా? తోట అమ్మే ముందు ఒక మాట

నేను ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నాను. నేను డాక్టర్ని కాను. కాలేజీలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. అది తెలిసి కూడా కొంతమంది ఆరోగ్యం విషయాలు నన్ను అడుగుతుంటారు. ఈ ఎపిసోడ్ కూడా ఒక ఫోన్ కాల్ వల్లే వచ్చింది.

పులివెందుల దగ్గర ఒక పల్లె నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసినాడు. "సార్, మా నాయనకు పార్కిన్సన్స్ వచ్చి ఆరేండ్లయింది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు మూడు డోసులు వేయిస్తే మళ్లీ మామూలు మనిషి అవుతాడని చెప్తాండారు. చీనీ తోట బేరం పెట్టినాం. వేయించమంటారా?" అన్నాడు.

ఒక్క మాటలో చెప్పాలంటే, వద్దు. కానీ "వద్దు" అని ఫోన్ పెట్టేస్తే ఆ అబ్బాయి నమ్మడు, ఇంకొకరిని అడుగుతాడు. ఎందుకు వద్దో అర్థమైతేనే మనిషి ఆగుతాడు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ముందు జబ్బేమిటో చూద్దాం. మన మెదడు అడుగు భాగంలో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. చెయ్యి ఎత్తాలన్నా, అడుగు వెయ్యాలన్నా, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా అది కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఏండ్ల తరబడి మెల్లగా చచ్చిపోతుంటాయి. చెయ్యి వణకడం మనకు కనిపించేసరికి దాదాపు సగం కణాలు పోయి ఉంటాయి.

మన సీమ భాషలో చెప్తా. తోటలో బోర్లు ఒకటొకటే ఎండిపోతున్నాయి అనుకోండి. మీ ముందు మూడు దారులుంటాయి. ఒకటి, ట్యాంకరుతో నీళ్లు తోలడం. రెండు, ఉన్న బోర్లు ఎండకుండా కాపాడుకోవడం. మూడు, కొత్త బోరు వేయడం. పార్కిన్సన్స్ వైద్యం, పరిశోధన మొత్తం ఈ మూడు దారుల్లోనే నడుస్తోంది.

ట్యాంకరు నీళ్లంటే లెవోడోపా టాబ్లెట్. మెదడులోకి పోయి డోపమైన్‌గా మారుతుంది. 1960ల చివర్లో వాడకంలోకి వచ్చింది, ఈరోజుకీ దీన్ని మించిన మందు లేదు. మన చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఈ లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరుచేసి చూపించారు. అట్లని గింజలు దంచుకుని తాగమని కాదు. ఏ గింజలో ఎంత ఉంటుందో కొలత ఉండదు. డాక్టరిచ్చిన టాబ్లెట్‌కు తోడు ఇదీ పడితే డోసు ఎక్కువై ఒళ్లు వంకర్లు పోవచ్చు.

రెండో దారి, ఉన్న కణాలను కాపాడటం. దీన్నే న్యూరోప్రొటెక్షన్ అంటారు. శాస్త్రవేత్తలు ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే. కోఎంజైమ్ క్యూటెన్ పని చేస్తుందని చాలా ఆశ పెట్టుకున్నారు, 2014లో పెద్ద ట్రయల్‌లో లాభం కనిపించలేదు. క్రియాటిన్‌ను 1,741 మంది మీద చూసినారు, 2015లో అదీ లేదని తేలింది. షుగర్ మందు ఎక్సెనటైడ్ మీద చిన్న ట్రయల్‌లో మంచి ఫలితం వచ్చింది, పెద్ద ట్రయల్ చేసి 2025లో చూస్తే ఏమీ లేదు. ల్యాబులో, ఎలుకలో, చిన్న ట్రయల్‌లో పని చేసింది పెద్ద ట్రయల్‌లో నిలబడకపోవచ్చు. అందుకే "ఫలానా దేశంలో పని చేసిందంట" అనే మాట వినగానే డబ్బు తీయకూడదు.

ఇక మూడో దారి, కొత్త బోరు. అదే స్టెమ్ సెల్, తెలుగులో మూలకణం. మూలకణం అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణం. సరైన పద్ధతిలో పెంచితే గుండె కణంగానో, నరం కణంగానో మారగలదు. ఇది కట్టుకథ కాదు. 1987లో స్వీడన్‌లోని లుండ్‌లో పిండం నుంచి తీసిన కణజాలాన్ని పార్కిన్సన్స్ రోగుల మెదడులో పెట్టడం మొదలుపెట్టారు. కొందరికి బాగా పని చేసింది. తర్వాత అమెరికాలో చేసిన ట్రయల్స్‌లో కొందరికి ఆపుకోలేని కదలికలు వచ్చినాయి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక మామూలు చర్మ కణాన్ని వెనక్కి తిప్పి మూలకణంలా మార్చే పద్ధతి కనిపెట్టారు. 2012లో నోబెల్ ఇచ్చారు. ఆ పద్ధతితోనే క్యోటో యూనివర్సిటీ వాళ్లు డోపమైన్ కణాలను తయారుచేసి 2018 నుంచి ఏడుగురు రోగుల మెదడులో పెట్టారు. 2025లో ఫలితాలు చెప్పారు. ప్రమాదకరమైన దుష్ఫలితాలు రాలేదు. ఫలితం కొలిచిన ఆరుగురిలో నలుగురికి, మందు ప్రభావం లేని సమయంలో కూడా కదలిక మెరుగైంది.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. క్యోటోలో పెట్టినవి డోపమైన్ తయారుచేసే దశకు ల్యాబులో పెంచిన కణాలు. పుర్రెకు రంధ్రం చేసి, సన్నని సూదితో, కొలిచిన చోట పెట్టారు. శరీరం వాటిని తిప్పికొట్టకుండా ఏడాదికి పైగా మందులిచ్చారు. రెండేళ్లు స్కాన్లు తీసి చూశారు. ఇంతా చేస్తే అది ఏడుగురి మీద, సురక్షితమా కాదా అని తెలుసుకోవడానికి చేసిన మొదటి మెట్టు.

మరి మన పక్క సెంటర్లలో డబ్బు తీసుకుని వేసేదేంటి? ఎక్కువగా తుంటి ఎముక మజ్జ నుంచో, కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన కణాలు. వాటిని చేతి నరానికో, వెన్నులోకో ఎక్కిస్తారు. అవి మెదడులోని ఆ చిన్న చోటికి పోయి డోపమైన్ కణాలుగా స్థిరపడతాయని ఎవరూ నిరూపించలేదు. పేరు ఒకటే, వస్తువు వేరు. పులివెందులలో బోరు వేయమంటే ప్రొద్దుటూరులో గుంత తవ్వి బిల్లు ఇచ్చినట్టు.

ఇదంతా పుస్తకం చదివి చెప్తున్నా అనుకోవద్దు. మా మేనమామ ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. జమ్మలమడుగు పక్కన పల్లెలో ఇల్లు, మైలవరం డ్యాం నీళ్లు పారే రెండెకరాలు. వెంట్రుకంత తీగె మీద పని చేసే మనిషికి కుడిచెయ్యి మాట వినడం మానేసింది. ఒక పెద్ద ఊర్లో ఒక సెంటరు వాళ్లు గ్యారంటీ అన్నారు. రెండెకరాలు అమ్మినారు. ఇంజెక్షన్ అయిన రెండు నెలలు మామ నిజంగానే బాగా నడిచినాడు. ఊరంతా చూసింది. మూడో నెల నుంచి మళ్లీ మొదటికొచ్చింది, ఇంకొంచెం దిగింది కూడా.

ఆ రెండు నెలలు ఎందుకు నడిచినాడో నాకు తర్వాత తెలిసింది. తగ్గుతుందని గట్టిగా నమ్మితే పార్కిన్సన్స్ రోగి మెదడు తనంతట తానే డోపమైన్ వదులుతుందని 2001లో స్కాన్లు తీసి చూపించారు. అంటే ఉప్పునీళ్లు ఎక్కించినా కొన్నాళ్లు నడిచేవాడే! అందుకే ట్రయల్‌లో సగం మందికి ఉత్తి మందు ఇచ్చి పోల్చి చూస్తారు. అందుకే "మా బంధువు ఒకాయనకు తగ్గింది" అనే సాక్ష్యం చాలదు. నేను జీవశాస్త్రం చెప్పే మనిషిని. ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, సంతకం పెట్టేటప్పుడు పక్కనే కూర్చున్నా. "పోనీలేరా అబ్బీ, నువ్వు మాత్రం ఏం జేస్తావు" అన్నాడు మామ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

స్టెమ్ సెల్ అంటేనే మోసం అని కూడా అనుకోవద్దు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, సున్నం లాంటివి పడి కాలిన కళ్లకు 2001 నుంచి మూలకణాలతో చికిత్స చేస్తున్నారు. నల్లగుడ్డు చుట్టూ ఉండే అంచు నుంచి కణాలు తీసి, పెంచి, ఆ కంటి మీదే పెడతారు. అక్కడ ఏ కణం కావాలో తెలుసు, అదే కణం దొరుకుతుంది, పెట్టే చోటు కళ్ల ముందే ఉంటుంది. మెదడులో ఈ మూడూ కష్టమే.

నిజమైన పరిశోధన ఎట్లుంటుందో ఇంకో ఉదాహరణ. హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన డాక్టర్ రూపమ్ బోర్గోహైన్ మొదటి రచయితగా 2014లో సఫినమైడ్ అనే మందు మీద ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. ఇండియా, రొమేనియా, ఇటలీలో 669 మంది రోగులు పాల్గొన్నారు. లాభం ఎంతో తెలుసా? ఉత్తి మందుతో పోలిస్తే రోజుకు సుమారు అరగంట అదనంగా బాగా కదలగలగడం. అంతమంది కలిసి సంపాదించింది ఆ అరగంట. మూడు ఇంజెక్షన్లతో మామూలు మనిషి అవుతాడని చెప్పే వాళ్ల పక్కన ఈ అరగంటను పెట్టి చూడండి.

కాబట్టి ఎవరైనా స్టెమ్ సెల్ అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది ట్రయలా, చికిత్సా? మెదడు, నరాల జబ్బులకు ఆమోదం పొందిన ట్రయల్‌లో తప్ప మూలకణాలు వాడకూడదని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. రెండు, ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబరు ఎంత? అది ప్రభుత్వ రిజిస్ట్రీ, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మూడు, ట్రయల్ అయితే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు? ఈ మూడింటికీ నేరుగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. అల్జీమర్స్‌కైనా, మోటార్ న్యూరాన్ జబ్బుకైనా ఇవే ప్రశ్నలు.

ఈలోపల చేతిలో ఉన్నది సరిగ్గా వాడుకుందాం. లెవోడోపా టాబ్లెట్ టైముకు పడాలి, వీలైతే తిండికి అరగంట ముందు. సంగటి, నాటుకోడి పులుసు కడుపునిండా తిని వేసుకుంటే మాంసంలోని ప్రొటీన్ మందుకు అడ్డం పడుతుంది. మందు మీరంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, అది ప్రమాదం. నడక, వ్యాయామం రోజూ ఉండాలి, బాత్రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉండాలి. తోటకు మందు కొట్టే పిల్లలు గ్లౌజులు, మాస్కు లేకుండా కొట్టొద్దు. పారాక్వాట్ గడ్డిమందు, రొటెనోన్ వాడిన వాళ్లలో పార్కిన్సన్స్ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించిందని 2011లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది.

పులివెందుల అబ్బాయీ, నువ్వు ఇది చూస్తుంటావు. కొత్త బోరు పడే రోజు వస్తుందనే నేనూ నమ్ముతున్నా. అది వచ్చేదాకా మీ నాయనకు టాబ్లెట్లు కావాలి, ఫిజియోథెరపీ కావాలి, పక్కన మనిషి కావాలి. వీటన్నిటికీ ఏండ్ల తరబడి డబ్బు కావాలి. ఆ డబ్బు తోటలోనే ఉంది. బేరం ఆపు, ముందు మీ నాయనను ఒక న్యూరాలజిస్టుకు చూపించు. ఏం చెప్పినారో నాకు ఫోన్ చెయ్.