పరాయి తీరాన పిల్లల పెంపకం

సిసిలీ ద్వీపంలోని రేవు పట్టణం మజారా దెల్ వాల్లో. ఇమామ్ మాలిక్ (రహ్మలై) శిష్యులు, ఖైరవాన్ ఖాజీ అసద్ ఇబ్నుల్ ఫురాత్ (రహ్మలై) క్రీ.శ. 827లో సేనతో దిగినది ఈ తీరంలోనే.

1960ల చివరి నుండి ట్యునీషియా జాలరులు బ్రతుకుదెరువుకై ఇక్కడికి వచ్చి, ఇటలీవారి పడవలలో పనికి కుదిరి, కస్బా అనే పాతపేట ఇరుకు సందులలో స్థిరపడ్డారు. తండ్రులు రోజుల తరబడి సముద్రంపైనే ఉంటారు; పిల్లల శిక్షణాభారం తల్లులదే. వీధిలో ఇటాలియన్, ఇంట అరబీ. 1981లో వెలసిన ట్యునీషియా పాఠశాల వారికి ఆసరా అయింది.

పరాయి నేలపై వారికి అంత తపన! నడిచి వెళ్ళే దూరంలో మద్రసా ఉండి కూడా మన బిడ్డలలో ఎందరికి ఖుర్ఆన్ పారాయణం వచ్చు? సాయంత్రపు తరగతిలో ఖాళీ చాపలు చూసినప్పుడల్లా మేము ఇదే ఆలోచిస్తాము. జవాబు తల్లిదండ్రులే చెప్పాలి.