పాఠం అందరికీ, చీటీ ఒక్కరికే

బాగేపల్లి, చింతామణి పక్క ఇళ్ళల్లో "నిమ్హాన్స్‌కి పిలుచుకొనిపోయినారంట" అనే మాట ఈనాటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. 1974లో బెంగళూరులో ఏర్పడిన ఆ మానసిక వైద్య సంస్థకు దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. బస్సెక్కితే పూటలో చేరే మనవాళ్ళు మాత్రం గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ తాయెత్తులు కట్టించి, పరిస్థితి చెయ్యి దాటాక అక్కడికి పోతారు. ఈ ఆలస్యానికి నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం కూడా ఒక కారణం.

ఆ భయాన్ని బడిలోనే తగ్గించవచ్చు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో హైస్కూలు పిల్లలకు మానసిక ఆరోగ్య పాఠాలు చెప్పి చూశారు. పిల్లలతో పాటు వాళ్ళ తల్లిదండ్రులకు, స్నేహితులకు, ఇరుగుపొరుగు వాళ్ళకు కూడా అవగాహన పెరిగిందని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మన తాలూకాల్లో ఇది ఇంకా బాగా సాగుతుందని నా నమ్మకం. బడిలో కన్నడంలో విన్నది ఇంట్లో అవ్వకు తెలుగులో చెప్పడం మన పిల్లలకు రోజూ ఉండే పనే. బ్యాంకు కాగితమైనా, ఆస్పత్రి చీటీ అయినా చదివిపెట్టేది వాళ్ళే.

మన ఊరి హైస్కూళ్ళలో ఇలాంటి కార్యక్రమాలకు డబ్బిద్దామని మన సంఘం అనుకుంటోంది. కమిటీ వాళ్ళు రాయమన్నారు కాబట్టి, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా ఒక్క విషయం గట్టిగా చెబుతాను. పిల్లల పేరు బయటపడకూడదు.

మా అక్క కొడుకు చదివిన బడిలో ఒకరోజు శిబిరం పెట్టి, ప్రశ్నల కాగితాలు పంచి, పైన పేరు రాయమన్నారు. తర్వాత ఒక ఉదయం ప్రార్థన అయ్యాక, బడంతా వింటుండగా కొందరి పేర్లు చదివి, డాక్టరుకు చూపించుకోండని చీటీలిచ్చారు. మధ్యాహ్నం భోజనాల వరుసలోనే వాడికి 'నిమ్హాన్స్' అని పేరు పడింది. వాడికి ఉన్నదల్లా పరీక్షల బెంగ, నిద్ర పట్టకపోవడం. ఎస్సెస్సెల్సీ ఏడాది మధ్యలో బడి మానేశాడు. అక్క ఆ చీటీని ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బాలో దాచింది. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

అందుకే డబ్బిచ్చే ముందు అడగండి. పాఠం తరగతి మొత్తానికీ, ఏడాది పొడవునా ఉంటుందా? నింపిన కాగితాలు ఎవరి బీరువాలో, ఎవరి తాళం కింద ఉంటాయి? అటెండరు తరగతికొచ్చి ఒక్కరినే పిలుచుకొనిపోతే అందరికీ తెలిసిపోతుంది. కౌన్సెలరు పిల్లలందరితో వంతులవారీగా మాట్లాడితే, అవసరం ఎవరిదో తెలియదు. తల్లిదండ్రులకు ఇంకో పిల్లవాడితో కబురు పంపకూడదు. తల్లితో విడిగా, తెలుగులో మాట్లాడాలి. అయితే, చచ్చిపోవాలనిపిస్తోందని పిల్లలెవరైనా అంటే దాన్ని గుట్టుగా ఉంచకూడదు. ఒంటరిగా వదలకుండా, ఆ రోజే ఇంటివాళ్ళను పిలిచి ఆస్పత్రికి చేర్చాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను మానసిక ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచమంటోంది. చిన్నచూపును పోగొట్టే కార్యక్రమాలు చేపట్టమని 30వ సెక్షను ప్రభుత్వాలను ఆదేశిస్తోంది. 2022లో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైను 14416కు మన దేశంలో ఎక్కడినుంచైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగు, కన్నడం రెండింట్లోనూ మాట్లాడతారు.

ఇంకొక మాట. బీహార్‌లోని నలందా జిల్లా బడుల్లో శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు పనిచేసిన చోట పిల్లల్లో కుంగుబాటు, ఒకరినొకరు ఏడిపించడం తగ్గాయి. అదే పని టీచర్లకు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదని 2018లో తేలింది. కాబట్టి బ్యానర్లకు, వేదికలకు పెట్టే డబ్బుతో, బడి ఉన్న ఊళ్ళోనే చదువుకున్న ఒక అమ్మాయికి శిక్షణ ఇప్పించి జీతం ఇద్దాం.

కైవార తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ మనసు గురించి తత్వాలు చెప్పిన నేల మనది. వాటిని భజనల్లో గొంతెత్తి పాడుకునే మనం, మన ఇంటి బిడ్డ మనసు బాగాలేదంటే గుసగుసలాడటం ఏం మర్యాద? ఈసారి ఊరికి పోయినప్పుడు మీరు చదివిన బడికి వెళ్ళండి. హెడ్‌మాస్టరుతో మాట్లాడండి. పిల్లల పేరు బయటపడదన్న హామీ కాగితం మీద రాయించుకున్నాకే చెక్కు ఇవ్వండి.