పాత రోడ్డే ముడిసరుకు

ప్లాస్టిక్ రోడ్డు వేస్తే పత్రికల్లో ఫొటో పడుతుంది. పాత తారురోడ్డును గీకి, ఆ ముక్కల్నే కొత్త రోడ్డులో కలిపితే ఎవరికీ పట్టదు. లెక్క వేసి చూస్తే రెండోదే పెద్ద పని.

3.75 మీటర్ల వెడల్పున, 40 మిల్లీమీటర్ల మందాన, కిలోమీటరు పొడవు పై పొర వేయాలంటే 150 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. బరువు దాదాపు 350 టన్నులు. అందులో తారు, అంటే ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెన్, అయిదు శాతం చొప్పున 17 టన్నులు. మిగతాదంతా కంకర, రాతిపొడి. ప్లాస్టిక్ రోడ్డులో సాధారణంగా తారులో ఆరు నుంచి ఎనిమిది శాతం వరకూ ప్లాస్టిక్ వేస్తారు. టన్ను, మహా అయితే టన్నున్నర. కంకర ఒక్క లారీ కూడా తగ్గదు. అదే మిశ్రమంలో 30 శాతం పాత తారుకంకర కలిపితే సుమారు 100 టన్నుల రాయి, అయిదు టన్నుల తారు ఆదా అవుతాయి. గుట్టల్ని పిండి చేసి కంకర తీసే మన ప్రాంతాలకు ఆ 100 టన్నులు చిన్న మాట కాదు.

ప్లాస్టిక్‌ను తీసిపారేయాలని కాదు. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతి చాలా తెలివైనది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కంకరను 160, 170 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, దానిమీద సన్నగా తరిగిన ప్లాస్టిక్ చల్లుతారు. అది కరిగి ప్రతి రాయికీ పలచని పూతలా పట్టుకుంటుంది. ఆ తర్వాతే తారు కలుపుతారు. తారురోడ్డుకు అసలు శత్రువు నీరు. చాలా రకాల రాళ్లకు తారు కన్నా నీటితోనే పొత్తు ఎక్కువ. సందు దొరికితే చాలు, నీరు రాతికీ తారుకీ మధ్య దూరి పొరను ఊడదీస్తుంది. వానాకాలం గుంతల్లో చాలావాటి పుట్టుక ఇదే. ప్లాస్టిక్ పూత ఆ సందు మూసేస్తుంది. అయితే పీవీసీ ముక్కలు ఇందులో పడకూడదు, వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. చెత్త సరిగా వేరు చేయని ఊళ్లో ఈ షరతు ఎంతవరకు నిలబడుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

రోడ్డులో కలిసే వ్యర్థం ప్లాస్టిక్ ఒక్కటే కాదు. ఉక్కు కర్మాగారాల చిట్టెం (స్లాగ్) కంకరకు బదులుగా బాగా పనికొస్తుంది. 2022లో సూరత్ దగ్గర హజీరాలో దానితో ఆరు వరుసల రోడ్డే వేశారు. పాత టైర్ల పొడిని తారులో కలపడం ఇంకా పాతది, 1960లలో అమెరికాలోని ఫీనిక్స్ నగర ఇంజినీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్‌తో మొదలైంది.

ఇక పాత రోడ్డు సంగతి. మిల్లింగ్ యంత్రం పళ్ల డ్రమ్ముతో పై పొరను గీకి, ముక్కల్ని వెనకే వచ్చే లారీలో పోస్తుంది. రాయికి వచ్చిన నష్టం పెద్దగా ఉండదు, ముసలిదయ్యేది తారే. ఏళ్ల తరబడి ఎండ, గాలిలోని ఆక్సిజన్ తగిలి అందులోని నూనెల లాంటి భాగం తగ్గిపోతుంది, గట్టి భాగం పెరుగుతుంది. ప్రయోగశాలలో దీన్ని సూదితో చూస్తారు. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల బరువుతో అయిదు సెకన్లలో సూది ఎంత లోతు దిగుతుందన్నదే పరీక్ష. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం కొత్త తారులో కనీసం నాలుగున్నర మిల్లీమీటర్లు దిగాలి. బాగా ముదిరిన తారులో అందులో సగం కూడా దిగకపోవచ్చు. అలాంటి తారు చక్రాల కింద వంగదు, పగులుతుంది. అందుకే పాత సరుకు ఎక్కువగా కలిపేటప్పుడు పలచటి కొత్త తారో, పోయిన నూనెల్ని తిరిగిచ్చే ద్రవమో జోడిస్తారు.

కంకరనూ తారునూ వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటులో మరో చిక్కు ఉంది. పాత ముక్కల్ని నేరుగా మంటకు చూపితే వాటిలోని తారు మాడి పొగ కక్కుతుంది. కాబట్టి కొత్త కంకరనే మామూలు కన్నా ఎక్కువ కాల్చి, ఆ వేడితో పాత ముక్కల్ని కరిగిస్తారు. కుప్ప తడిసి ఉంటే ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పైన ఒక రేకుల షెడ్డు వేయడం ఎంత ఖర్చు? అయినా చాలాచోట్ల కుప్ప వానలో నానుతూనే ఉంటుంది.

జపాన్‌లో కొత్త మిశ్రమంలో దాదాపు సగం, అమెరికాలో అయిదో వంతు పాత రోడ్డే. మన దగ్గరా నియమాలకు కొరత లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఇందుకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. కొన్ని జాతీయ రహదారుల మీద అమలవుతోంది కూడా. వీధుల్లో మాత్రం పాతదాని మీదే కొత్త పొర పరిచేస్తున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ రోడ్డు లేస్తుంది, ఇంటి గుమ్మం పల్లంలో పడుతుంది, వాననీరు లోపలికి వస్తుంది. దాన్ని ఆపడానికి ఇంటివాళ్లు సొంత డబ్బుతో గడప ముందు గట్టు కట్టుకుంటారు. గీకి వేస్తే ఈ ఖర్చే ఉండదు. గీకే యంత్రం అద్దె ఎక్కువన్న మాట వినిపిస్తుంది. నిజమే, కానీ గీకిన సరుకు విలువను ఆ లెక్కలో కలపకపోవడం మన అంచనాల లోపం.

మీ వీధిలో రోడ్డు పని మొదలైతే ఇంజినీరును రెండు ప్రశ్నలు అడగండి: పాత పొర గీకుతున్నారా, గీకింది ఎక్కడికి వెళ్తోంది?